వెనుక వరస గదులు

మార్చి 8, శనివారం

సంగారెడ్డి వెళ్లి వచ్చాను. ఎండలు, వానలు, మారిపోతున్న వాతావరణం గురించి ఎలా రాయాలో విలేకరులకు శిక్షణ ఇస్తున్నారట. ప్రతి శనివారం. మండలానికి ఒకరు, ఆడవాళ్లుంటే మంచిది అని డెస్క్ నుంచి ఫోన్ చేశారు. పటాన్‌చెరు మండలంలో మా పేపరుకు రాసే ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఇన్నేళ్లూ జాతరలు, బోనాలు, స్వామివారి కల్యాణాలు రాసినదాన్ని. వద్దనడానికి కారణం దొరకలేదు.

పక్క కుర్చీలో పవన్‌కుమార్. వేరే పేపరు. మా దిక్కు ఫ్యాక్టరీల వార్తలన్నీ అతనివే.

"ఏందక్కా, గుళ్ల బీట్ నుంచి ఎండల బీట్‌కు ట్రాన్స్‌ఫర్ చేసిన్రా నిన్ను?"

"సూర్యుడు సుత దేవుడే గద తమ్మీ" అన్నాను.

పాఠం చెప్పే అమ్మాయి పేరు తేజస్విని. గొంతు పెంచదు, వినాలంటే మనమే ఊరుకోవాలి. వడదెబ్బ తగిలినవాళ్ల లెక్క రాసి వదిలేయకండి, ఏం చేస్తే ఆ బాధ తగ్గుతుందో వెతకండి, అది ఎక్కడ పనిచేయలేదో కూడా దాచకుండా రాయండి అంది. బోర్డు మీద రెండు ప్రశ్నలు రాసింది. ఈ మాట ఎవరు చెప్పారు? చెప్పేటప్పుడు పక్కన ఎవరున్నారు?

రెండోది రాజకీయ నాయకుల సంగతి అనుకున్నాను. అయినా రాసుకున్నాను.

అందరికీ తలా ఒక చిన్న థర్మామీటర్ ఇచ్చారు. తెచ్చి దేవుడి గూటి పక్కన మేకుకు తగిలించాను.

మార్చి 9

నెలాఖరుకల్లా ఒక కథనం అచ్చులో రావాలన్నారు. ఎక్కడికో పోవడం ఎందుకు, మా గోడ అవతలే ఉంది. మేం జొన్న వేసిన చెలకలో తమ్ముడు శివశంకర్ రేకుల గదులు కట్టాడు. గేటు వైపు ఒక వరస, దాని వెనుక ఇంకో వరస. కంపెనీల్లో పనిచేసేవాళ్లు కిరాయికుంటారు.

"ఊళ్ల ఇంకెవ్వలకు లేవా రేకులు? నా రూములే దొరికినయా అక్కా నీకు?" అన్నాడు.

"ఎట్ల ఉడుకుతున్నయో రాస్త అంటలేను. ఎట్ల బాగ చేసినవో రాస్త అంటున్న."

"నేనేం బాగ చేసిన?"

"చేస్తవు. రేకుల మీద తెల్ల పెయింట్ వేస్తే లోపల వేడి తగ్గుతదట. క్లాసుల చెప్పిన్రు."

గడ్డం గోక్కున్నాడు. "ఫోటో వస్తదా?"

"వస్తది."

"నాది?"

"నీదే."

నడుమ గోడకు అటు వాళ్ల వాటాలో మరదలు చంద్రిక బియ్యం ఏరుతూ నవ్వింది. "గట్లయితే ఆయన నెత్తికి సుత తెల్ల పెయింట్ ఏసుకుంటడు వదినా, ఇగ సూడు."

వేయిస్తానన్నాడు. నా మాట వాడు ఎప్పుడూ తీసేయలేదు. అమ్మ పోయిన నాటినుంచీ అంతే. బడికి పోయినవా అంటే పోయిన, తిన్నవా అంటే తిన్న.

మార్చి 13

డబ్బాలు వచ్చాయి. మేస్త్రీ రేపు వస్తాడట.

మార్చి 16

"అయిందా?" అని అడిగాను.

"అయిందక్కా."

గేటు దగ్గర నిలబడి చూశాను. కళ్లు చెదిరే తెలుపు. వెనుక వరస అక్కడినుంచి కనపడదు, నీళ్ల ట్యాంకు అడ్డం. దగ్గరికి పోయినా రేకు అంచు తప్ప పైభాగం తెలియదు. నిచ్చెన ఎక్కుదామనుకున్నాను. మోకాళ్లు గుర్తొచ్చాయి.

"రెండు వరసలూ అయినయా?"

"అయినయక్కా."

మంచిది.

మార్చి 18

పూజ, టిఫిన్ అయ్యాక థర్మామీటర్ తీసుకెళ్లాను. ముందు వరసలో ఖాళీగా ఉన్న గదిలో కాసేపు, తర్వాత పక్కింటి కొమురయ్య రేకుల కొట్టంలో కాసేపు. కొట్టానికి పెయింట్ లేదు. నాలుగు డిగ్రీల తేడా కనిపించింది. సంతోషం అనిపించింది. గూటి ముందు నిలబడి దండం పెట్టుకున్నాను.

మార్చి 20

కిరాయికున్నవాళ్లతో మాట్లాడాలి కదా. తమ్ముడూ వెంట వచ్చాడు, తాళాల గుత్తి వేలికి తిప్పుకుంటూ. ముందు వరసవాళ్లంతా డ్యూటీలకు పోయారు. వెనుక వరసలో ధనలక్ష్మి ఒక్కతే గడప ముందు గిన్నెలు తోముతోంది. నారాయణఖేడ్ దిక్కు మనిషి. భర్త పాండు డబ్బాల కంపెనీలో ప్రెస్సు మిషన్ మీద రాత్రి డ్యూటీ చేస్తాడు, పగలు పడుకుంటాడు.

"లోపల ఎట్లుందమ్మా ఇప్పుడు?"

ఆమె తమ్ముడి వైపు చూసింది. "మంచిగుందమ్మా. సల్లగుంది."

"ఇంతకుముందుకు, ఇప్పటికి తేడా ఉందా?"

"ఉందమ్మా."

తలుపు సందులోంచి చూశాను. పాండు కింద పడుకుని ఉన్నాడు. ఇల్లు అప్పుడే తుడిచినట్టుంది, నేలంతా తడి. కిటికీ లేని గది. తలుపుకు తడి దుప్పటి వేలాడుతోంది. శుభ్రమైన మనిషి అనుకున్నాను. ఎక్కువ మాట్లాడే రకం కాదు. ఫోటో తీసుకుంటూ నవ్వమ్మా అంటే నవ్వింది.

మార్చి 25

రాసి డెస్క్‌కు పంపాను. సాయికిరణ్ ఫోన్ చేశాడు. డెస్క్‌లో కూర్చునే పిల్లవాడు, నా వార్తల్లో తప్పులు దిద్దేది అతనే. "అమ్మా, చాలా బాగుంది. పండగ రోజు వేస్తా" అన్నాడు.

మార్చి 30, ఉగాది

జిల్లా పేజీలో పైనే వచ్చింది. 'ఈ గదుల్లో ఎండ చల్లబడింది'. తెల్లటి రేకుల ముందు శివశంకర్, కింద చిన్నగా ధనలక్ష్మి నవ్వు. 'రేకుల కింద ఇప్పుడు చల్లగా ఉంది' అని ఆమె అన్న మాట పేరుతో సహా వేశారు.

పచ్చడి గిన్నె పట్టుకుని తమ్ముడు గల్లీ అంతా తిరిగాడు. పచ్చడి పెట్టడానికో పేపరు చూపించడానికో. కొమురయ్య నన్ను చూసి "అక్కా, నా కొట్టం గురించి సుత రాస్తే ఎవ్వలన్నా పుణ్యాత్ముడు పెయింట్ ఏస్తడేమో" అన్నాడు.

మనసు నిండుగా ఉంది.

ఏప్రిల్ 2

గేటుకు బోర్డు కట్టాడు. 'చల్లని రూములు కిరాయికి ఇవ్వబడును.' పక్కనే నా కథనం, వానకు తడవకుండా లామినేషన్ చేయించి.

తీసేయమందామనుకున్నాను. కొత్త బోర్డు. రెండు రోజులు ఉండనీ అనుకున్నాను.

ఏప్రిల్ 5, శనివారం

క్లాసు. భూగర్భజలాల గురించి. టీ తాగేటప్పుడు పవన్ అందరికీ వినపడేలా అన్నాడు: "మేమంత యాడ్స్ కోసం కంపెనీల గేట్లకాడ నిలబడతం. అక్క సూడు, ఇంటి యాడ్ ఫ్రీగ ఏసుకుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రుద్రారం దాటాక బస్సులో ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది.

ఏప్రిల్ 6

శ్రీరామనవమి. మూడు గుళ్ల కల్యాణం వార్తలు పంపాను. పానకం.

ఏప్రిల్ 11

ఎండ. మధ్యాహ్నం మోటారు నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడి.

ఏప్రిల్ 15

వెనుక వరస పాండుకు కంపెనీలో చెయ్యి నలిగిందట. రెండు వేళ్లు పోయాయి. తెల్లవారుజామున మిషన్ మీద కునికాడంటున్నారు. ఆసుపత్రిలో ఉన్నాడు. ధనలక్ష్మి అక్కడే ఉంది.

దీపం పెట్టి వాళ్లిద్దరి పేర్లు చెప్పుకున్నాను.

ఏప్రిల్ 16

"పాండు తాగి డ్యూటీకి పోయిండట" అన్నాడు తమ్ముడు అన్నం తింటూ.

"ఎవరన్నరు?"

"కంపెనీ కాంట్రాక్టర్ మనిషి వచ్చిండు. ప్రమాదం గురించి రాసే కాగితంల గట్లనే రాస్తున్నరట."

చంద్రిక గిన్నె కింద పెట్టింది. "పాండు తాగంగ నేనైతే సూడలే. హోలీ నాడు అందరు తాగితే ఆయన పండుకున్నడు."

"నువ్వేం కావలున్నవా ఆనికి?"

ఆమె గిన్నె తీసుకుని లోపలికి పోయింది. నేను వార్త పంపాను. 'ప్రమాదంలో కార్మికుడికి గాయాలు'. ఎందుకు కునికాడో రాయలేదు. నాకు తెలియదు కదా.

ఏప్రిల్ 17

పాండును ఇంటికి పంపించేశారట. వెనుక వరసకు వెళ్లి చూసి రావాలి.

ఏప్రిల్ 18

వెళ్లాలి. గుడిలో అన్నదానం వార్త పంపేసరికి పొద్దుగూకింది.

ఏప్రిల్ 19, శనివారం

ఈరోజు ఎవరి కథనాలు వాళ్లు చదివి వినిపించాలి. నాది తెర మీద వేశారు. ధనలక్ష్మి నవ్వు గోడంత పెద్దదైంది.

తేజస్విని మెచ్చుకుంది. భాష బాగుంది, కొలిచి రాయడం బాగుంది అంది. తర్వాత అడిగింది.

"అరుణమ్మగారూ, థర్మామీటర్ ఏ వేళకు పెట్టారు?"

"పొద్దున. పూజ అయినంక."

"ఆ గదిలో ఎవరుంటారు?"

"ఎవరూ లేరు. ఖాళీ గది."

ఆమె తల ఊపింది. తప్పు పట్టినట్టు కాదు, వింటున్నట్టు. "ఈ ధనలక్ష్మిగారు మీతో మాట్లాడేటప్పుడు పక్కన ఎవరున్నారు?"

"మా తమ్ముడు."

"ఆయన..."

"ఓనర్" అన్నాడు పవన్ వెనుకనుంచి. ఈసారి ఎవరూ నవ్వలేదు. అతను కూడా.

"రాత్రి డ్యూటీవాళ్లు ఆ వరసలో ఉన్నారన్నారు కదా, వాళ్లు ఏ వేళకు పడుకుంటారో ఒకసారి ఆ వేళకు వెళ్లి కూర్చుని రండి" అంది తేజస్విని. తర్వాత వేరే వాళ్ల కథనం వేసింది.

తిరిగి వచ్చేటప్పుడు ఎండ వైపు సీటు దొరికింది. మారలేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

తమ్ముడు పటాన్‌చెరు పోయాడు. భోజనాల వేళ దాటాక థర్మామీటర్ చెంగున కట్టుకుని వెనుక వరసకు వెళ్లాను.

తలుపుకు అదే తడి దుప్పటి. పక్కకు తొలగించి లోపలికి వెళ్లాను. నేలంతా నీళ్లు. పాండు ఆ నీళ్లలోనే చాప వేసుకుని పడుకున్నాడు. కట్టు కట్టిన చెయ్యి మాత్రం తడవకుండా బోర్లించిన బకెట్ మీద పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని ఉన్నాడు, నిద్ర లేదు.

ధనలక్ష్మి కంగారుగా లేచింది. "మీరొచ్చిన్రేందమ్మా? పిలిస్తే నేనే వద్దును."

"కూసుంట జెరసేపు."

"ఈడనా? అన్న ఉన్నడా బయట?"

"లేడు. నేనే వచ్చిన."

ఆమె గడప దాకా పోయి అటూ ఇటూ చూసి వచ్చింది. పీట వేసింది. కూర్చున్నాను. రేకు నడినెత్తికి జానెడు దూరంలో ఉన్నట్టుంది. ఫ్యాను తిరుగుతోంది, పొయ్యి మీది గాలిని కిందికి తోస్తోంది. మనసులో జపం మొదలుపెట్టాను. మధ్యలో పోయింది. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ పోయింది. జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. థర్మామీటర్ చూడబుద్ధి కాలేదు, చూశాను. నలభై నాలుగు.

"నీళ్లు ఎందుకు పోసిన్రు?"

"గిట్ల పోస్తేనే కండ్లు మూతలు పడతయమ్మా. ఆరంగనే లేస్తడు. మళ్ల పోస్త. రాత్రి డ్యూటీ ఎక్కినప్పటి సంది గిదే కత."

"మరి ఆనాడు నేను వచ్చినప్పుడు?"

"ఆనాడు సుత పోసిన."

తుడిచిన ఇల్లు అనుకున్నాను నేను.

"పైన పెయింట్ వేసినంక కూడా గింతేనా?"

ఆమె నన్ను చూసింది. నిజంగా తెలియదా అన్నట్టు చూసింది. "ఈడ ఎక్కడ ఏసిన్రమ్మా? గేటు దిక్కు వరసకే ఏసిన్రు. మేస్త్రీ డబ్బాలు అయిపోయినయని దిగిపోయిండు."

"మరి చల్లగుంది అన్నవు."

"అన్న తాళాల గుత్తి పట్టుకొని నిలబడ్డడు. ఏమనాలె? ఉడుకుతుంది అంటే ఖాళీ చెయ్యి అంటడు. కంపెనీకి దగ్గరి రూము మళ్ల ఏడ దొరుకుతది?" అని కొంగుతో ముఖం తుడుచుకుని, "నువ్వు నవ్వమంటివి. నవ్విన" అంది.

పాండు కళ్లు తెరవకుండానే అన్నాడు: "చెప్పవే, పేపరు ముచ్చట సుత చెప్పు."

ఆమె చెప్పింది. ప్రమాదం తర్వాత కాంట్రాక్టర్ మనిషి దగ్గరికి పోయింది. అయ్యా, ఆయన తాగలేదు, పగలు నిద్రపట్టక కునికిండు, ఆ కాగితంల తాగిండని రాయకున్రి అని అడిగింది. అతను సెల్లు తీసి నా కథనం చూపించాడట. 'గీ చల్లటి రూములనే గద ఉంటున్నరు? గీ నవ్వేది నువ్వే గద? చల్లగుంది అన్నది నువ్వే గద? మరి నిద్రెందుకు పట్టదు?'

"ఆ కాగితం గట్లనే పోతే నష్టపరిహారం ఏం రాదంటున్నరమ్మా. పనిల సుత మళ్ల పెట్టుకోరట."

బిందెలో మిగిలిన నీళ్లు నేల మీద పోసి వచ్చాను.

ఏప్రిల్ 21

"రెండు వరసలూ అయినయి అన్నవు" అన్నాను.

తమ్ముడు చెప్పులు విడుస్తూ ఆగాడు. "ఎవ్వలు చెప్పిన్రు?"

"పోయి కూసొని వచ్చిన."

"డబ్బాలు సరిపోలేదక్కా. మళ్ల తెప్పిద్దామనుకున్న. నీ పేపర్ల వచ్చేసింది, ఇగ ఏముందిలే అనుకున్న."

"నేను అడిగినప్పుడు కాలేదు అంటే అయిపోతుండె గద?"

వాడు నా ముఖం చూశాడు. చిన్నప్పుడు పలక పగలగొట్టి వచ్చినప్పుడు చూసినట్టే. "నువ్వు అడిగితే నేనెన్నడన్న లేదు అన్ననా అక్కా?"

నిజమే. అనలేదు. ఎప్పుడూ అనలేదు. అది వాడి మంచితనం అనుకున్నాను ఇన్నేళ్లూ.

"రేపే ఏపిస్త. బోర్డు సుత తీస్త. కానీ మళ్ల పేపర్ల ఎక్కియ్యకు" అన్నాడు.

"పెయింట్ వేస్తే రేకు చల్లబడతది. పాండు కాగితం?"

"ఆని కాగితం నాకేం ఎరుక? నా చేతుల ఉన్నదా?"

"నా చేతుల ఉన్నది" అన్నాను.

వాడు అన్నం తినకుండా పోయాడు.

ఏప్రిల్ 22

రాశాను. 'చల్లని గదులని మేము రాసినవి' అని మొదలుపెట్టాను. చింపేశాను. మేము కాదు, నేను.

ఏప్రిల్ 23

సాయికిరణ్ ఫోన్.

"అమ్మా, ఇది సవరణ అవుతుంది. మన పేపర్లో సవరణలు వేయం, మీకు తెలుసు కదా."

"తెలుసు."

"పైగా మన వార్త తప్పని మనమే రాస్తే..."

"తప్పే గద నాయనా."

ఫోన్లో వాళ్ల ఆఫీసు ఏసీ చప్పుడు వినిపించింది. "రాత్రి డ్యూటీవాళ్లకు పగలు నిద్ర లేదు అన్నది మాత్రం పెద్ద వార్తమ్మా. దాన్ని ముందు పెట్టి, మన తప్పు లోపల వస్తే పై వాళ్లను అడుగుతా. కానీ యజమాని వివరణ లేదు ఇందులో. అది లేకుండా వేయరు."

యజమాని వివరణ. గుళ్ల వార్తలకు ఇన్నేళ్లలో ఎవరి వివరణా అడగాల్సిన పని పడలేదు.

ఏప్రిల్ 24

పూజలో కూర్చున్నాను. ఏమీ అడగలేదు. లేచాను.

ఏప్రిల్ 25

తమ్ముడు ట్యాంకు దగ్గర పైపు బిగిస్తున్నాడు. చంద్రిక బట్టలు ఆరేస్తోంది. కాగితం, పెన్ను తీసుకుని వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"పేపరు కోసం అడుగుతున్న. వెనుక వరస రేకుల మీద పెయింట్ వేసినవా?"

"అక్కా..."

"అక్క అడుగుతలేదు."

వాడు చంద్రిక వైపు చూశాడు. ఆమె దుప్పటి మడత విప్పుతూ నిలబడిపోయింది. పైపులోంచి నీళ్లు కారుతున్నాయి. కట్టలేదు ఎవరూ.

"లేదు" అన్నాడు.

రాసుకున్నాను.

"ఎందుకు వేయలేదు?"

"డబ్బాలు ముందటికే అయిపోయినయి. వెనకది ఎవ్వలు సూడరు అనుకున్న."

అదీ రాసుకున్నాను.

"వేసినట్టు ఎందుకు చెప్పినవు?"

వాడు పానా కింద పెట్టాడు. "అడిగింది నువ్వు గద" అన్నాడు.

పెన్ను ఆగింది. తర్వాత అది కూడా వాడు అన్నట్టే రాశాను.

"గిదంత వేస్తవా? నా పేరుతోనా?"

"నీ పేరు, నా పేరు. అక్కాతమ్ముళ్లమని సుత."

"మా అక్క రాసిందని ఊరంత సూపిచ్చిన నేను" అన్నాడు. "ఆ పేపరు పట్టుకొని ఎంతమందికి సూపిచ్చిననో నీకెరుకనా?"

"ఎరుకే."

పైపు కట్టేసి వచ్చాను.

ఏప్రిల్ 26, శనివారం

ఆఖరి క్లాసు. కథనం తేజస్విని చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివింది. ఒక్క మాట కొట్టేసింది. 'విచారకరం' అన్నది. అది అవసరం లేదు అంది. నిజమే, లేకపోతేనే బాగుంది.

పవన్ టీ తెచ్చిచ్చాడు. "అక్కా, మీ పేపరోళ్లు వెయ్యకుంటే చెప్పు. నేను వేస్త. కానీ మీవాళ్లే వెయ్యాలె" అన్నాడు. ఎగతాళి ఏమీ లేదు.

ఏప్రిల్ 29

వచ్చింది. లోపలి పేజీలో, సగం. 'పగటి నిద్ర కోసం నేల మీద నీళ్లు'. పాండు చెయ్యి ఫోటో. మూడో పేరాలో: 'మార్చి 30న జిల్లా పేజీలో ఈ గదులన్నీ చల్లగా ఉన్నాయని వచ్చిన కథనం సరికాదు. వెనుక వరసకు పెయింట్ వేయలేదు. యజమాని ఎదుటే కార్మికుడి భార్యను ప్రశ్నించడం వల్ల నిజం బయటికి రాలేదు. యజమాని శివశంకర్ ఈ కథనం రాసిన అరుణమ్మకు సొంత తమ్ముడు.'

తర్వాత వాడి వివరణ. అన్నట్టే.

కొమురయ్య పేపరు మడిచి పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. చాయ్ తాగి పోయాడు.

తమ్ముడు ఇటు రాలేదు. అన్నం చంద్రిక తెచ్చింది. గోడ అవతలినుంచి.

ఏప్రిల్ 30

గేటుకు బోర్డు లేదు. కట్టిన తీగ అలాగే ఉంది.

మే 3

ధనలక్ష్మి రెండు పేపర్లూ పట్టుకుని కంపెనీ ఆఫీసుకే పోయిందట, కాంట్రాక్టర్ దగ్గరికి కాదు. నన్ను రమ్మంటుందేమో అనుకున్నాను. రమ్మనలేదు. వచ్చాక చెప్పింది.

"వాళ్లు మొదటిది సూపిస్తే నేను రెండోది సూపిచ్చిన. గీ మాట గీయమ్మనే తప్పని రాసింది సూడున్రి అన్న."

"ఏమన్నరు?"

"తాగిండన్న ముక్క కొట్టేస్తరట. డ్యూటీల ప్రమాదం అని రాస్తమన్నరు. రాసినంక నమ్ముత."

కూర్చోమన్నాను. గడప మీద కూర్చుంది. అది మా గడప.

మే 6

రాశారు. కాగితం ఆమె నాకు చూపించింది. చదివి ఇచ్చాను. మళ్లీ పనిలో పెట్టుకునే సంగతి దాంట్లో లేదు.

మే 8

పొద్దున వెనుక నుంచి రేకుల మీద అడుగుల చప్పుడు. మేస్త్రీ కాదు. తమ్ముడే, తలకు తువ్వాలు చుట్టుకుని, చీపురంత బ్రష్షుతో. కింద పాండు మంచి చేత్తో డబ్బా అందిస్తున్నాడు.

"అన్నా, ఆ మూల ఇడిసిపెట్టినవ్."

"కనిపిస్తుంది రా. నువ్వు పట్టుకో సక్కగ."

నేను కిటికీ దగ్గర నిలబడి చూసి లోపలికి వచ్చాను.

మే 10

మధ్యాహ్నం ధనలక్ష్మి గదిలో కూర్చున్నాను. నలభై ఒకటి. తగ్గింది. నిద్రకు చాలదు. నేల ఇంకా తడిగానే ఉంది. ఇది కూడా రాయాలి. తెలుపు ఒక్కటే చాలదని మొదటిసారే రాసి ఉండాల్సింది.

మే 12

చంద్రిక కూర తెచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"వదినా, ఆయన అడుగుమన్నడు."

"ఏం అడుగుమన్నడు?"

"వెనుక గోడకు కిటికీ పెడదామంటుండు. ఏ దిక్కు పెడితే గాలొస్తది, మీ క్లాసుల ఏమన్న చెప్పిన్రా అని."

"తానే అడగొచ్చు గద?"

"గదే అన్న నేను సుత. నీకు కాళ్లున్నయి గద నడువు అన్నడు."

ఎదురుబొదురుగా రెండు పెట్టమని చెప్పాను. ఒకటి పైన, ఒకటి కింద. ఆమె వేళ్ల మీద మళ్లీ చెప్పుకుంటూ పోయింది.

మే 15

వెనుక నుంచి గోడ కొడుతున్న చప్పుడు. దుమ్ము దేవుడి గూటి దాకా వచ్చింది. తుడిచాను.

మే 17, శనివారం

క్లాసులు లేవు. అలవాటుగా పొద్దున్నే తయారయ్యాను. తర్వాత గుర్తొచ్చింది.

సాయంత్రం దీపం పెడుతుంటే గుమ్మంలో నీడ పడింది. తమ్ముడు. చేతులకు సిమెంటు. లోపలికి రాలేదు, పోలేదు. ఇన్ని రోజులకు.

ఏం అడగాలో తెలియక అదే అడిగాను. "కిటికీలు అయినయా?"

వాడు నోరు తెరిచాడు. ఆగాడు. చేతులు చూసుకున్నాడు.

"కాలేదక్కా. ధనలక్ష్మోళ్లది ఒకటి అయింది. తక్కినయి కాలే. ఇంక వారం పడతది."

"సరే" అన్నాను. "కాళ్లు కడుక్కొని రా. అన్నం తిందువు."